మూడు క్రేన్లు, మునిగిన మోటారు

కొండరేవు మునిసిపాలిటీ ఊటబావిలో మోటారు పడిపోయిన రోజునే కోరాడ గురువులు ఉద్యోగం కూడా అందులో పడిపోయింది. మోటారు ముప్ఫై అడుగుల లోతున, బురదలో, ఒక పక్కకి ఒరిగి పడుకుంది. ఉద్యోగం సరిగ్గా దాని కిందే ఉంది.

ఇది గురువులు అన్న మాట కాదు, ఆర్డరులో రాసిన మాటే. "సదరు మోటారు పైకి తీయబడి, అది ఏ కారణముచేత పడినదో నిర్ధారణ అగునంతవరకు, పంపు డ్రైవరు శ్రీ కోరాడ గురువులు విధులకు హాజరు కారాదు."

కారణం గురువులుకి ముందే తెలుసు. మోటారు కూర్చున్న రెండు ఇనప దూలాలూ తుప్పు పట్టి అప్పడాల్లా అయిపోయాయి. ఆ సంగతి నాలుగుసార్లు కాగితం మీద రాయించి ఇచ్చాడు. నాలుగు కాగితాల మీదా మునిసిపల్ ఇంజినీరు దక్షిణామూర్తి గారు "చూడడమైనది" అని సంతకం పెట్టారు. ఆయన చూసింది కాగితాన్ని. దూలాన్ని చూడాలని ఎక్కడా రాసి లేదు. ఇప్పుడు ఆ దూలం ముక్కలు మోటారు కాళ్లకి బిగించుకునే ఉండి ఉంటాయి. అది పైకొచ్చి నలుగురి కళ్లబడితే తప్ప, ఇరవై రెండేళ్లుగా ఆ మోటారుని పసిబిడ్డలా చూసుకున్నవాడి మాట నమ్మే నాథుడు లేడు.

గురువులు ఇంజినీరు గారి గది గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"బాబూ, నాను ఈ పనిలోకి రాకముందు పోర్టులో ఎనిమిదేళ్లు బరువులెత్తే కళాసీగా చేసినోణ్ణి. మూడు సరుగుడు దుంగలు, ఒక చైను కప్పీ, నలుగురు మనుసులు. అంతే. మద్దేన్నం బువ్వ ఏలకి మోటారు మీ కాళ్లకాడ ఉంతాది."

దక్షిణామూర్తి గారు కళ్లజోడు తీసి జాలిగా చూశారు. "గురువులూ, మన ఊరు యాంత్రిక పట్టణం పోటీలో ఉందని నీకు తెలీదా? ఫారంలో పదిహేడో ప్రశ్న ఏమిటి? 'మీ పట్టణమందు మనుషులచేత బరువులు ఎత్తించబడుచున్నవా?' లేదని రాసి పంపేశాం. ఇప్పుడు నీ నలుగురు మనుషులూ వచ్చి ఎత్తితే రాష్ట్రస్థాయిలో మన పరువేం కాను?"

"నాలుగు వార్డుల ఆడోళ్లు బిందెలెత్తుకుని ఏటికాడికి నడుత్తన్నారు గద బాబూ?"

"అవి వారి వ్యక్తిగత బరువులు."

"పోనీ, ఓ క్రేను అద్దెకి పిలిపించండి. గంట పని."

అద్దె అనే మాట వినగానే దక్షిణామూర్తి గారు లేచి వెళ్లి కిటికీ మూశారు. ఎవరైనా విన్నారేమోనని వరండా వైపు తొంగి చూశారు. ఆయన భయంలో అర్థముంది. కమిషనర్ మార్తాండరావు గారు ఆ మధ్య మూడు రోజుల శిక్షణకి వెళ్లి, "అద్దె బుద్ధి వీడుదాం, సొంత శక్తి పెంచుదాం" అనే నినాదంతో తిరిగొచ్చారు. అప్పట్నుంచి ఆఫీసులో అద్దె అన్నవాడికి మెమో తప్పడం లేదు. షామియానా అద్దెకెందుకని షామియానా కొన్నారు. పంద్రాగస్టుకి బ్యాండుమేళం అద్దెకెందుకని బ్యాండుసెట్టు కొన్నారు. వాయించేవాళ్లు లేరు కనక శానిటరీ ఇన్‌స్పెక్టర్లు మంగళవారం మంగళవారం క్లారినెట్టు నేర్చుకుంటున్నారు. ఊళ్లో దోమలకి ఇంత సంగీతం ఎన్నడూ లేదు.

కాబట్టి మునిసిపాలిటీ క్రేను కొనడానికే నిశ్చయించింది. కొనే ముందు పోల్చాలి. పోల్చడానికి ఐదుగురితో "క్రేన్ల తులనాత్మక పరిశీలనా సంఘం" ఏర్పడింది. ఆ ఐదుగురిలో క్రేనుని దగ్గరగా చూసినవాళ్లు ఒక్కరూ లేరు. నిష్పక్షపాతానికి అదే మంచిదని కమిషనర్ గారు అభిప్రాయపడ్డారు.

ఆరు వారాల్లో తులనాత్మక పట్టిక తయారైంది. అరవై నాలుగు గడులు. హారను మోత, సీటు మెత్తదనం, రంగు పట్టణ గౌరవానికి తగునా లేదా, అద్దాల మీద పక్షి రెట్ట పడిన ఎడల శుభ్రపరచు సౌలభ్యం, అన్నీ ఉన్నాయి. ఎత్తే బరువుకి మాత్రం ఒక్కటే గడి. మూడు కంపెనీల క్రేన్లు బరిలోకి వచ్చాయి: ఒకటి పచ్చది, ఒకటి ఎర్రది, మూడోది లారీ మీద బిగించింది. పన్నెండు టన్నులు, పధ్నాలుగు టన్నులు, పదిహేను టన్నులు.

మీటింగుకి గురువులుని పిలిచారు. సస్పెన్షన్లో ఉన్నవాణ్ణి ఆఫీసులోకి పిలవకూడదు గనక చొక్కాకి "సందర్శకుడు" అని చీటీ గుచ్చారు.

"ఊటబావి లోతు ఎంత?" అని అడిగారు కమిషనర్ గారు.

"లోతు సంగతలాగుంచండి బాబూ. దూరం ఎంతని అడగండి. బావి సుట్టూ గట్టు, గట్టవతల పైపులు. క్రేను సక్రాలు ఎక్కడ ఆగుతాయో అక్కణ్ణించి బావి నడిమికి ఏడు మీటర్లు. పధ్నాలుగు టన్నులంటే ముక్కు కింద పెడితే పధ్నాలుగు. బూము, అదే క్రేను చెయ్యి, సాపేకొద్దీ దాని సత్తువ తగ్గిపోతాది. ఏడు మీటర్లకి సాపితే టన్నున్నర ఎత్తినా గొప్పే. మన మోటారు, పంపు కలిపి టన్నుంబావు. బురద వేరే."

దక్షిణామూర్తి గారు పట్టికని ఆ చివర్నించి ఈ చివరిదాకా వేలితో వెతికారు.

"దూరం అనే గడి లేదు సర్."

"చేర్చలేమా?"

"అరవై ఐదో గడి చేర్చాలంటే కౌన్సిల్ తీర్మానం కావాలి సర్. కౌన్సిల్లో కోరం లేదు. నాలుగు వార్డుల కౌన్సిలర్లూ నీళ్ల ట్యాంకరు వెనకాల తిరుగుతున్నారు."

"అయితే దూరం లేనట్టే," అన్నారు కమిషనర్ గారు. "మినిట్స్‌లో రాయండి."

ఆ సాయంత్రం ఇంటికొచ్చిన గురువులుని చూసి భార్య గవరమ్మ ఖాళీ బిందె అరుగు మీద ఠంగున పెట్టింది. "ఏటయ్యా, మీటింగుకి పిలిసినారని తెగ గంతులేసినావు. ఏటన్నారు?"

"బావి ఎంత దూరమో కనుక్కున్నారు."

"నన్నడిగితే చెప్దును గదా! ఆ పక్కనించే ఏటికి రోజుకి నాలుగు నడకలు!"

చివరికి ప్రత్యక్ష పరీక్ష జరపాలని తేల్చారు. మూడు క్రేన్లూ ఒకే రోజు, ఒకే చోట, ఒకే బరువు ఎత్తాలి. ఏ బరువు ఎత్తించాలన్నది మూడు గంటల సేపు చర్చించారు. ఇసక బస్తాలంటే అవి ఒకదానికొకటి సమానం కావన్నారు. పాత రోడ్డు రోలరంటే దానికి చెట్టు మొలిచింది, చెట్టు ఎత్తడానికి అటవీశాఖ అనుమతి కావాలన్నారు. ఆఖరికి, "ఎలాగూ కొనేది మోటారు కోసమే కదా, మోటారే ఎత్తించి చూద్దాం" అని ఎవరో అనేశారు. అన్నవారు ఎవరో మినిట్స్‌లో లేదు. ఇంత తెలివైన మాట ఎవరి నోట వచ్చిందో చరిత్రకి తెలియకుండా పోయింది.

గురువులుకి ఆ కబురు అందింది. మోటారు పైకొస్తుంది!

పరీక్షనాడు ఊటబావి దగ్గర షామియానా వేశారు. సొంతది. శానిటరీ ఇన్‌స్పెక్టర్లు బ్యాండు వాయించారు. నాలుగు వార్డుల జనం ఖాళీ బిందెలతో వచ్చి గట్టు మీద కూర్చున్నారు.

బావిలోకి దిగి మోటారుకి తాడు కట్టగలవాడు ఊళ్లో గురువులు ఒక్కడే. చొక్కా విప్పాడు, చొక్కాకున్న సందర్శకుడి చీటీ మొలతాడుకి గుచ్చుకున్నాడు, దిగాడు. రెండుసార్లు ములిగి ఇనప తాడు బిగించి పైకొచ్చి, గట్టు మీద నిలబడ్డాడు. క్రేను నడిపేవాడికి బావిలో ఏముందో కనబడదు. గట్టు మీదున్నవాడి చెయ్యే అతనికి కన్ను. వేలు పైకి తిప్పితే ఎత్తాలి, కిందికి తిప్పితే దించాలి, పక్కకి చూపిస్తే తిప్పాలి. పిడికిలి బిగిస్తే ఎక్కడున్నది అక్కడే ఆగాలి. ఎవరెంత అరిచినా చెయ్యి చెప్పిందే చెయ్యాలి. కళాసీల పనిలో మొదటి పాఠం అదే.

ముందు పచ్చ క్రేను. గురువులు వేలు పైకి తిప్పాడు. తాడు బిగిసింది. బురదతో సహా మోటారు కదిలింది. పది అడుగులు, ఇరవై అడుగులు. బావి అంచు దగ్గర దాని నల్లటి వీపు కనబడగానే జనం ఈలలేశారు. అంతలో క్రేను వెనక చక్రాలు జానెడు పైకి లేచాయి. గురువులు పిడికిలి బిగించాడు. ఇంకొక్క అడుగు లాగితే క్రేనే బావిలో పడుతుంది. మెల్లగా వేలు కిందికి తిప్పాడు.

"ఇదేమిటి, చక్రాలు లేచాయి?" అన్నారు కమిషనర్ గారు.

దక్షిణామూర్తి గారు పట్టిక వెతికారు. "ఇది అదనపు సౌకర్యం అనుకుంటాను సర్."

"రాయండి. వెనక చక్రములు స్వయముగా ఎత్తుకొను సామర్థ్యము: కలదు."

తరవాత ఎర్ర క్రేను. గురువులు మళ్లీ దిగి తాడు కట్టాడు. కట్టి పైకొచ్చేసరికి దక్షిణామూర్తి గారు చెయ్యెత్తి ఆపారు.

"ఒక్క నిమిషం. మొదటిసారి మోటారుకి బురద ఉంది. పైకొచ్చి కిందికెళ్లడంలో సగం కడుక్కుపోయింది. ఇప్పుడీ ఎర్ర క్రేనుకి బరువు తగ్గుతుంది. ఇది పచ్చ క్రేనుకి అన్యాయం."

"అయితే?"

"బురద తిరిగి పెట్టాలి సర్."

గురువులు నోరు తెరిచాడు. "బాబూ, బురద... పెట్టాలా?"

"సమాన అవకాశం, గురువులూ. రాజ్యాంగంలో ఉంది."

ఎనిమిది తట్టల బురద గోనె సంచుల్లో నింపి బావిలోకి దింపారు. దాన్ని మోటారు మీద కట్టడానికి గురువులు మూడోసారి దిగాడు. పైన గవరమ్మ గొంతు వినబడుతూనే ఉంది: "ఓలమ్మో, నీళ్లు లేక మేం సత్తంటే మోటారుకి పసుపు రాసినట్టు బురద రాత్తన్నారర్రా!"

ఎర్ర క్రేను మూలుగుతూనే ఎత్తింది. మోటారు బావిలోంచి లేచి, గట్టు ఎత్తు దాటి, గాల్లో నిలబడింది. నీళ్లు కారుతున్నాయి. కాళ్లకి బిగించి ఉన్న తుప్పు దూలం ముక్కలు ఎండలో ఎర్రగా మెరిశాయి. గురువులు వాటికేసి వేలు చూపించి, "సూడండి బాబూ, సూడండి! నాను రాయించినదదే!" అని అరిచాడు. కళ్లలో నీళ్లొచ్చాయి. పక్కకి తిప్పమని చెయ్యి చాపాడు.

"ఆపండి!" కమిషనర్ గారు కుర్చీలోంచి లేచారు. "ఎక్కడికి తిప్పుతున్నావు?"

"నేల మీదికి బాబూ."

"నేల మీద పెట్టేస్తే మూడో క్రేను ఏమెత్తుతుంది? గాలా? దించు బావిలోకి."

గురువులు చాలాసేపు చెయ్యి అలాగే ఉంచాడు. ఇంకొక్కసారే కదా, మూడోది కూడా అయిపోతే వదిలేస్తారు కదా అని తనకి తనే చెప్పుకుని, వేలు కిందికి తిప్పాడు. మోటారు మళ్లీ ములిగింది. దాంతోపాటు దూలం ముక్కలూ ములిగాయి. మళ్లీ బురద. మళ్లీ గోనెలు.

మూడోది లారీ క్రేను. దాన్ని నడిపేవాడు మీరావలి, పల్నాడు మనిషి, నడివయసు. పొద్దుట్నుంచి బీడీ మీద బీడీ కాలుస్తూ ఈ తతంగమంతా చూస్తున్నాడు. గురువులు తాడు కట్టడానికి వెళ్తుంటే పిలిచాడు.

"అన్నా, ఒక సంగతి చెప్పు. మీ ఊళ్లో దీన్ని ఎత్తటానికి కొంటున్నారా, ముంచటానికి కొంటున్నారా?"

"నాకూ తెలీదు తమ్ముడా. నా ఉజ్జోగం దాని కింద ఉంది. నువ్వు మెత్తగా ఎత్తు, అంతే."

"నీ చెయ్యి చూసుకుంటా ఎత్తుతా. నాకు ఇంకెవరూ కనపడరులే."

మీరావలి లారీకున్న నాలుగు ఇనప కాళ్లూ నేలకి దింపి క్రేనుని బిగించాడు. మోటారుని కోడిగుడ్డు ఎత్తినట్టు ఎత్తాడు. అది బావిలోంచి లేచి, గట్టు ఎత్తు దాటి, షామియానా ఎత్తున ఆగింది. బ్యాండు మోగింది. జనం కేకలేశారు. గురువులు పక్కకి తిప్పమనడానికి చెయ్యి లేపాడు.

"శభాష్. పరీక్ష ముగిసింది," అన్నారు కమిషనర్ గారు. "ఇక యథాపూర్వ స్థితిలో ఉంచండి."

"అంటే ఏటి బాబూ?"

"బావిలో దించడం," అన్నారు దక్షిణామూర్తి గారు. "మనం ఇంకా ఏ క్రేనూ కొనలేదు. కొనకముందే కంపెనీవాళ్ల చేత ఉచితంగా మన పని చేయించుకుంటే అది ప్రలోభం కిందికి వస్తుంది. మోటారు పైకి రావలసింది మన సొంత క్రేనుతో. సొంత శక్తితో."

గురువులు ఆకాశం కేసి చూశాడు. టన్నుంబావు బరువు, ఎనిమిది తట్టల బురద, ఇరవై రెండేళ్ల ఉద్యోగం, అన్నీ ఒక కొక్కేనికి వేలాడుతున్నాయి. చెయ్యి ఎత్తే ఉంది. ఆ చేతి పిడికిలి బిగించాడు.

"దించవయ్యా!" అని అరిచారు దక్షిణామూర్తి గారు.

పిడికిలి కదల్లేదు. ఆయన క్రేను దగ్గరికి పరిగెత్తారు. "ఏయ్, డ్రైవర్! నేను చెబుతున్నాను, దించు!"

మీరావలి బీడీ పారేసి చేతులు కట్టుకున్నాడు. "కుదరదు సార్. నాకు బావి కనపడదు. ఆయన చెయ్యి దించమంటేనే దించేది. రేపు గట్టుకి తగిలి మనిషి పోతే జైలుకి మీరు రారుగా?"

"కమిషనర్ గారి ఆర్డరు!"

"కమిషనర్ గారిని గట్టు మీద నిలబడి వేలు తిప్పమనండి. తిప్పటం వస్తే దించుతా."

కమిషనర్ గారు తన వేలు చూసుకున్నారు. తరవాత గట్టు చూశారు. గట్టు నాచు పట్టి ఉంది. పైగా గట్టు పొడుగునా గవరమ్మా, ఆవిడ వెనక వార్డు ఆడవాళ్లూ బిందెలు చంకన పెట్టుకుని నిలబడ్డారు. ఆయన మళ్లీ కుర్చీలో కూర్చున్నారు.

పావుగంట గడిచింది. గురువులు చెయ్యి దిగలేదు. భోజనాల వేళ దాటిపోయింది. ఆఫీసుని ఆకలి కదిలించినట్టు మరేదీ కదిలించదు. కమిషనర్ గారితో సహా సంఘం సభ్యులంతా ఒక్కొక్కరే జీపులెక్కారు. ఆఖరి జీపు మలుపు తిరగ్గానే గురువులు పిడికిలి విప్పి చెయ్యి పక్కకి చాపాడు. మోటారు మెల్లగా తిరిగి, ఎండిన నేల మీద, ఆడవాళ్ల మధ్యలో కూర్చుంది.

మర్నాడు ఉదయమే గురువులు గడ్డం గీసుకుని, తుప్పు దూలం ముక్క ఒకటి తువ్వాల్లో చుట్టుకుని ఆఫీసుకి వెళ్లాడు. "మోటారు పైకొచ్చీసింది బాబూ. కారనం ఇదిగో. నా ఆర్డరు ఇప్పించండి."

దక్షిణామూర్తి గారు దూలం ముక్క ముట్టుకోలేదు. ఒక కాగితం తిప్పి చూపించారు. "పరీక్షా నివేదిక పరీక్షకి ముందురోజే టైపు చేయించాం, ఐదుగురు సంతకాలు కూడా అయిపోయాయి. ఏముంది చూడు. 'పిమ్మట మోటారు యథాపూర్వము బావియందు ఉంచబడినది.' కాబట్టి మోటారు బావిలో ఉంది."

"నేల మీదుంది బాబూ! మా ఆవిడ దాని మీద బట్టలారేసింది!"

"అది నీ దృష్టి. రికార్డు దృష్టిలో బావిలో ఉంది. అది పైకొచ్చాక రా."

గురువులు దూలం ముక్క చుట్టుకుని వచ్చేశాడు. వార్డుల జనమే పూనుకుని రెండు కొత్త దూలాలు వేశారు. ఊళ్లో వైండింగు షాపతను మోటారు విప్పి, తీగచుట్టలు ఎండబెట్టి, వార్నిషు పోశాడు. మూడు సరుగుడు దుంగలు, ఒక చైను కప్పీ, నలుగురు మనుషులతో గురువులు దాన్ని దూలాల మీదికి ఎక్కించాడు. పదో రోజున గురువులు స్విచ్చి వేశాడు. నాలుగు వార్డుల్లోనూ కుళాయిలు ముందు దగ్గి, తరవాత తుప్పునీళ్లు కక్కి, ఆ తరవాత తేటబడ్డాయి. జీతం లేదు, హాజరు లేదు. రోజూ పొద్దున్నే వెళ్లి తిప్పుతున్నాడు.

నెల్లాళ్లకి కమిషనర్ గారూ ఇంజినీరు గారూ ఊటబావికి వచ్చారు. మూడు క్రేన్లకీ సమానంగా మార్కులు రావడంతో రెండో విడత పరీక్ష పెట్టాల్సి వచ్చిందట. బావి కొలుచుకోవడానికి వచ్చారు. పంపుహౌసు అదిరిపోయేలా మోటారు మోగుతోంది.

"మోటారు ఇప్పటికీ బావిలోనే ఉంది కదా?" అని కమిషనర్ గారు ఇంజినీరు గారి చెవిలో అరిచారు.

"అలాగే ఉంది సర్!" అని ఇంజినీరు గారు అంతకంటే గట్టిగా అరిచారు.

"మరి మా క్వార్టర్స్ మేడ మీదికి నీళ్లు సరిగ్గా ఎక్కడం లేదు! రోజూ ఇంకో అరగంట..." అని, అక్కడే స్టూలు మీద కూర్చున్న గురువులు కేసి చూడకుండా, గోడకి చెప్పారు.

గురువులు లేచాడు. నెల్లాళ్లుగా జేబులో పెట్టుకు తిరుగుతున్న అర్జీ తీసి చాపాడు. ఇద్దరూ దాన్నీ చూడలేదు. అర్జీ మడిచి జేబులో పెట్టుకుని, స్విచ్చి దించేశాడు.

ఉన్నట్టుండి ఏటి గాలి చప్పుడు కూడా వినబడేంత నిశ్శబ్దం. ఇద్దరూ ఒక్కసారే తిరిగారు.

"ఏమైంది? మోటారు ఎందుకు ఆపావు?" అన్నారు కమిషనర్ గారు.

"ఏ మోటారు బాబూ?" అన్నాడు గురువులు.

కమిషనర్ గారు బావిలోకి తొంగి చూశారు. బావిలో నీళ్లున్నాయి. నీళ్లలో ఆయన ముఖం ఉంది. చాలాసేపు దాన్ని చూసి, ఇంజినీరు గారి చేతికి పెన్ను ఇచ్చారు. ఇంజినీరు గారు జీపు బానెట్టు మీద కాగితం పెట్టి రాశారు: "బావియందు మునిగియున్న మోటారుకు కాపలా అవసరమైనందున, శ్రీ కోరాడ గురువులును, పాత హాజరుతో సహా, తక్షణము విధులలోనికి తీసుకొనడమైనది."

గురువులు ఒక్కో అక్షరమే కూడబలుక్కుని మొత్తం చదివాడు. కింద సంతకం ఉందో లేదో చూశాడు. ముద్ర ఉందో లేదో చూశాడు. ప్లాస్టిక్ సంచిలో చుట్టి స్టూలు కింద భద్రం చేశాడు. అప్పుడు స్విచ్చి వేశాడు.

పంపుహౌసు మళ్లీ అదిరింది. ఆఫీసర్లిద్దరికీ మళ్లీ ఏమీ వినబడలేదు.